నొప్పిలేని హెర్నియా - నాడు, నేడు

రోమక సామ్రాజ్య క్షీణపతనముల చరిత్రను ఆరు సంపుటములుగా రచించిన ఎడ్వర్డు గిబ్బన్ పేరు చదువరులకు క్రొత్తది కాదు. ఆ మహాచరిత్రకారుని దేహములోనే ముప్పదిరెండేండ్లు సాగిన మరియొక చరిత్ర మాత్రము అంతగా ప్రచారములో లేదు. 1761లో ఆయన తన వృషణము వాచియుండుట గమనించి, సీజరు హాకిన్సు అను ప్రసిద్ధ శస్త్రవైద్యునికి చూపెను. మరల వచ్చి చూపుమని వైద్యుడు కోరెను. బాధ అంతగా లేకపోవుటచే గిబ్బన్ మరల పోవలేదు. ఆప్తమిత్రులతోనైన ఆ మాట ఎత్తలేదు. 1793 నవంబరు నాటికి అది దాచుటకు వీలులేనంతగా పెరిగెను. వైద్యులు మొదటిసారి సుమారు నాలుగు లీటర్ల ద్రవమును తీసిరి. అది వట్టి వరిబీజము కాదు. దానితోబాటు హెర్నియాయును ఉండెను. మూడవసారి ద్రవము తీసిన మూడు దినములకు, 1794 జనవరి 16న, గిబ్బన్ కన్నుమూసెను.

గిబ్బన్ జన్మించిన 1737లోనే ఇంగ్లండు రాణి కెరోలిన్ ఇట్టి వ్యాధితోనే మరణించుట గమనింపదగినది. 1724లో కడపటి కాన్పు తరువాత ఆమెకు బొడ్డువద్ద హెర్నియా ఏర్పడెను. మశూచికమునకు టీకాలు వేయుటను జనులు శంకించుచున్న కాలమున, 1722లో తన కుమార్తెలకు ధైర్యముగా వేయించిన రాణి ఈమెయే. అట్టి వివేకవతి తన వ్యాధిని పదుమూడేండ్లు వైద్యులకు తెలియనీయలేదు. 1737 నవంబరు 9న తీవ్రమైన కడుపునొప్పి ఆరంభమైన పిమ్మట సైతము చెప్పలేదు. తుదకు రాజే వైద్యులకు తెలిపెను. అప్పటికి ప్రేవు చిక్కుకొని చెడిపోయెను. అదే నెల 20న ఆమె మరణించెను.

ఈ మౌనమునకు సిగ్గు ఒక్కటే కారణమనుట న్యాయము కాదు. ఆనాటి చికిత్సయే భయంకరము. మన సుశ్రుత సంహిత ఆంత్రవృద్ధిని చక్కగా వర్ణించినది: బరువులు మోయుట, తనకంటె బలవంతునితో పోరుట, చెట్టుపైనుండి పడుట మున్నగువానిచే ప్రేవు క్రిందికి జారును, అదిమినచో శబ్దముతో పైకి పోవును, విడిచినచో మరల దిగును. గజ్జలోనే నిలిచినదానిని కాల్చవలెనని చెప్పి, వృషణకోశములోనికి దిగినది అసాధ్యమని ఆ గ్రంథము తేల్చినది. ఐరోపాలోను శతాబ్దులకొలది బిగువైన పట్టీయే సామాన్యులకు దిక్కయ్యెను. పట్టీ ప్రేవును అదిమిపట్టునే కాని రంధ్రమును పూడ్పజాలదు.

1846లో మత్తుమందు, 1867లో లిస్టరు ప్రకటించిన క్రిమినాశక పద్ధతి శస్త్రచికిత్స స్వరూపమును మార్చెను. ఇటలీలోని పాడువా నగరమున ఎడోర్డో బస్సీని 1884లో గజ్జలోని బలహీనమైన గోడను పొరలు కలిపి కుట్టు విధానమును ఆరంభించెను. ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమున కృత్రిమ దారముల వలను లోపల అమర్చు పద్ధతి వ్యాపించి, వ్యాధి మరల వచ్చుట చాల తగ్గెను.

చికిత్స ఇట్లు సులభమైనపుడు, నొప్పిలేని హెర్నియాకు సైతము వెంటనే కత్తి పట్టవలసినదేనా? చిరకాలము వైద్యులు అవుననిరి. 2006లో అమెరికాలో ప్రకటింపబడిన ఒక పరిశోధన ఈ ప్రశ్నను పరీక్షకు పెట్టెను. గజ్జలో హెర్నియా ఉండియు బాధ లేని, లేక స్వల్పముగా మాత్రమే ఉన్న 720 మంది పురుషులను రెండు వర్గములుగా విభజించి, ఒక వర్గమునకు శస్త్రచికిత్స చేసిరి. రెండవ వర్గమును వైద్యుల కనిపెట్టులో ఉంచిరి. వేచియున్నవారిలో ప్రేవు హఠాత్తుగా చిక్కుకొనుట ఏడాదికి వేయిమందికి ఇద్దరికంటె తక్కువ. కాని రెండేండ్లలో నూటికి 23 మంది శస్త్రచికిత్సకు మారిరి. 2013లో వెలువడిన తదుపరి నివేదిక ప్రకారము పదేండ్లలో ఆ సంఖ్య సుమారు 68; అందు పెక్కురకు కారణము నొప్పియే.

కావున వేచియుండుట తప్పు కాదు. పెక్కురకు అది శస్త్రచికిత్సను వాయిదా వేయుట మాత్రమే. అయితే ఈ ఫలితము పురుషుల గజ్జ హెర్నియాకే వర్తించును. స్త్రీలకు తొడ మొదట వచ్చు హెర్నియా త్వరగా చిక్కుకొను స్వభావము కలది. దానిని ఆలస్యము చేయరాదు. పసిబిడ్డల గజ్జలో కనబడు ఉబ్బును సైతము వెంటనే చూపవలెను. వేచియుండువారు దగ్గును, మలబద్ధమును అశ్రద్ధ చేయరాదు. పొగ త్రాగుట మానవలెను. ఉబ్బు లోనికి పోక గట్టిపడినను, హఠాత్తుగా నొప్పి పుట్టినను, వాంతులైనను, అపానవాయువు నిలిచిపోయినను, తెల్లవారువరకు ఆగక ఆనాడే ఆసుపత్రికి చేరవలెను.

కెరోలిన్ రాణియు, గిబ్బనును చేసినది వేచియుండుట కాదు, దాచియుండుట. ఆ కాలమున చూపినను వైద్యుడు చేయగలిగినది స్వల్పమే. నేడు ఆ సాకు లేదు. శస్త్రచికిత్స ఎప్పుడన్న నిర్ణయమునకు వ్యవధి ఉండవచ్చును. మొదటిసారి వైద్యునికి చూపుటకు మాత్రము వ్యవధి అక్కరలేదు. మన ఇండ్లలో పెద్దవారు బిడియముచే చెప్పక దాచుకొను వ్యాధులలో ఇది యొకటి. కుటుంబములోనివారే మెల్లగా అడిగి తెలిసికొనుట మేలు.