పత్రికను పోషించిందెవరు?

1942లో లక్నోలో జైలుకు వెళ్లిన నేషనల్ హెరాల్డ్ సంపాదకుడిది మన చీరాల. పేరు కోటంరాజు రామారావు. అక్కడి క్యాంపు జైల్లో రాజకీయ ఖైదీలు పడుతున్న బాధల మీద ఆయన ‘జెయిల్ ఆర్ జంగిల్’ అని సంపాదకీయం రాశారు. ఆరు నెలల శిక్ష పడింది. అప్పటికి ఆయన అన్న కోటంరాజు పున్నయ్య కరాచీలో సింధ్ అబ్జర్వర్‌కు సంపాదకుడు. వాళ్లకు ముందే, వినోదరాయునిపాలెంలో పుట్టిన టంగుటూరి ప్రకాశం మద్రాసులో స్వరాజ్య పత్రిక పెట్టారు. ఒంగోలులో తల్లి సుబ్బమ్మగారు పూటకూళ్ల ఇల్లు నడిపి చదివించిన కొడుకు ఆయన. ఆ స్వరాజ్యలో పనిచేసిన కోలవెన్ను రామకోటీశ్వరరావు నరసరావుపేట మనిషి. త్రివేణి అనే ఆంగ్ల సాహిత్య పత్రికను స్థాపించింది ఆయనే.

పత్తి, మిరప, పొగాకు పండే ఈ నల్లరేగడి నేల దేశానికి ఇంతమంది పత్రికలవాళ్లను ఇచ్చింది. వాళ్ల ధైర్యం గురించి సభల్లో చాలా విన్నాను. ఆ ధైర్యానికి అయిన ఖర్చు ఎవరు పెట్టుకున్నారని ఎవరూ అడగరు. పర్చూరు, చీరాల ప్రాంతాల్లో చాలాకాలం కంట్రిబ్యూటర్‌గా పనిచేసినవాణ్ణి కాబట్టి నాకు ఆ ప్రశ్నే ముందు తడుతుంది. పత్రిక స్వేచ్ఛ చరిత్రంటే జైలుకెళ్లిన సంపాదకుల చరిత్ర ఒక్కటే అనుకుంటే సగం కథే చదివినట్టు. ఎవరి డబ్బుతో ఆ అచ్చుయంత్రం తిరిగిందన్నది మిగతా సగం.

ఈ సంగతి తెల్లదొరలకు మనకంటే ముందే తెలుసు. 1908లో బెజవాడ ‘స్వరాజ్’ పత్రికలో తిరునల్వేలి కాల్పుల మీద వ్యాసం వేసినందుకు గాడిచర్ల హరిసర్వోత్తమరావును రాజద్రోహం కింద శిక్షించారు. మొదట ఆరు నెలలు వేశారు. అది చాలదని ప్రభుత్వమే పైకోర్టుకు వెళ్లి మూడేళ్లు చేయించింది. కానీ ప్రతి సంపాదకుణ్ణీ జైల్లో పెట్టడం ఏ సర్కారుకైనా కష్టమే. అందుకే 1910లో ప్రెస్ చట్టం వచ్చింది. కొత్తగా ప్రెస్ పెట్టేవాడు ఐదు వందల నుంచి రెండు వేల రూపాయల దాకా ధరావతు కట్టాలి. రాసింది నచ్చకపోతే దాన్ని జప్తు చేస్తారు. మళ్లీ నడపాలంటే పది వేల దాకా కట్టమనవచ్చు. ఆ రోజుల్లో పది వేలంటే ఒక మోతుబరి కుటుంబం ఆస్తి. కలం జోలికి వెళ్లే పని లేకుండా గల్లాపెట్టె మీద చెయ్యి వేశారన్నమాట.

ఆ చట్టం ఇంకా అమల్లో ఉండగానే చీరాల కథ మొదలైంది. చీరాల, పేరాల గ్రామాలను కలిపి మునిసిపాలిటీ చేశారు. నాలుగు వేలున్న పన్ను నలభై వేలకు ఎక్కింది. మగ్గం మీద బతికేవాళ్లు, చిన్న రైతులు అంత కట్టలేమన్నారు. 1921 ఏప్రిల్ 6న గాంధీజీ చీరాల వచ్చి, ఊరి పొలిమేర దాటి వెళ్లిపోతే అక్కడ మునిసిపాలిటీ ఉండదు కదా అని దారి చూపించారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట జనం ఇళ్లు విడిచి, పాకలు వేసుకుని, దానికి రామ్‌నగర్ అని పేరు పెట్టుకున్నారు. ఎండలో, వానలో పదకొండు నెలలు అక్కడే గడిపారు. దుగ్గిరాల జైలు పాలయ్యారు. గాంధీజీ తన యంగ్ ఇండియాలో చీరాల-పేరాల గురించి రాశారు. ఒక చిన్న బస్తీలోని పన్ను గొడవ అలా దేశమంతా చదివే వార్త అయింది.

రామ్‌నగర్ పాకల్లో జనం ఉన్న రోజుల్లోనే, 1921 అక్టోబరు 29న, ప్రకాశం మద్రాసులో స్వరాజ్యను మొదలుపెట్టారు. ఇంగ్లీషులో వచ్చింది, తెలుగులోనూ తమిళంలోనూ వచ్చింది. అప్పటికే మద్రాసులో పెద్ద పత్రికలున్నాయి. దొరల పక్షాన రాసేది ఒకటి, మితంగా మాట్లాడేది ఇంకొకటి. సహాయ నిరాకరణ ఊళ్లలో ఎలా సాగుతుందో, ఎక్కడ ఎవరి మీద లాఠీ విరిగిందో ఉద్యమం కళ్లతో చూసి రాసే పత్రిక కావాలని ప్రకాశం పట్టుబట్టారు. అప్పటికి ఆయన మద్రాసు హైకోర్టులో రెండు చేతులా సంపాదిస్తున్న బారిస్టరు. ‘లా టైమ్స్’ అనే న్యాయశాస్త్ర పత్రికను నడిపిన అనుభవమూ ఉంది. ప్రాక్టీసు మానేసి, కూడబెట్టిందంతా ఈ పత్రికలో పోశారు. చాలనప్పుడు వాటాలు అమ్మారు, అప్పులు చేశారు.

స్వరాజ్య ఎంతమందిని తయారుచేసిందో చూడండి. కె.ఎం. పణిక్కర్ అక్కడ పనిచేశారు. ఖాసా సుబ్బారావు అక్కడ రాటుదేలారు. తర్వాత ఆంధ్రప్రభను, ఆంధ్రజ్యోతిని నడిపిన నార్ల వెంకటేశ్వరరావు తొలి అడుగులు కూడా అక్కడే. సరిగ్గా జీతం ఇవ్వలేని పత్రిక ఇంతమందికి వృత్తి నేర్పింది. 1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్ వచ్చిన రోజు మద్రాసులో ప్రకాశం తుపాకీకి గుండె చూపించిన సంగతి మన పిల్లలందరికీ తెలుసు. అది ఒక్క పూట ధైర్యం. నెలనెలా కాగితం బాకీ, సిరా బాకీ, జీతాల బాకీ మోస్తూ, ఆస్తి కరిగిపోతున్నా పత్రికను ఆపకపోవడం ఏళ్ల తరబడి సాగిన ధైర్యం. నా లెక్కలో రెండోదే పెద్దది. 1930ల మధ్యకు వచ్చేసరికి అప్పులు స్వరాజ్యను మింగేశాయి. ప్రకాశం మంత్రి అయ్యారు, ముఖ్యమంత్రి అయ్యారు, పోయేనాటికి చేతిలో ఏమీ లేదు. ఆ పేదరికంలో ఒక పెద్ద భాగం పత్రిక ఖర్చని నేను నమ్ముతాను.

లక్నోలో నేషనల్ హెరాల్డ్ కథ ఇంకో దారిలో నడిచింది. 1937 నవంబరులో అసోసియేటెడ్ జర్నల్స్ అనే కంపెనీ పెట్టారు. స్వాతంత్ర్యోద్యమంలో ఉన్నవాళ్లు వేలమంది వాటాలు కొన్నారు. 1938 సెప్టెంబరులో పత్రిక వచ్చింది, రామారావు తొలి సంపాదకుడు. ఒక మనిషి ఆస్తి మీద కాకుండా వేలమంది చిన్న వాటాల మీద నిలబెడదామన్నది అక్కడి ఆలోచన. అయినా కష్టాలు తప్పలేదు. 1942 ఆగస్టులో క్విట్ ఇండియా రోజుల్లో మూతపడింది, 1945లో మళ్లీ తెరుచుకుంది. 1946లో రామారావు బయటికొచ్చారు. ఆ కుర్చీలోకి ఇంకో తెలుగువాడు, మానికొండ చలపతిరావు, వచ్చారు.

హెరాల్డ్‌కు కాంగ్రెస్ నాయకుల అండ ఉంది కదా, దాన్ని స్వతంత్ర పత్రిక అని ఎలా అంటావని నన్ను అడిగినవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్న. పరాయి ప్రభుత్వాన్ని ఎదిరించినంతకాలం ఆ అండ బలమే అయింది. ఆ నాయకులే ప్రభుత్వమయ్యాక అది బరువైంది. రామారావు జీవితం చూస్తే ఒక పత్రిక విడిచి ఇంకో పత్రిక, ఒక ఊరు విడిచి ఇంకో ఊరు. హెరాల్డ్ తర్వాత పాట్నాలో సెర్చ్‌లైట్‌కు వెళ్లారు. 1952లో రాజ్యసభకూ వెళ్లారు. యజమానితో కుదరనప్పుడు పెట్టె సర్దుకోగలగడమే ఆ తరం సంపాదకుడికి మిగిలిన స్వాతంత్ర్యం. ఆయన ఆత్మకథ పేరు ‘ది పెన్ యాజ్ మై స్వోర్డ్’. ఆ పుస్తకం మన చీరాల, ఒంగోలు, గుంటూరు గ్రంథాలయాల్లో ప్రతి ఒక్కదాంట్లో ఉండాలి. తెలుగులో చదివించాలి.

ఇక నేను కళ్లారా చూసిన కాలానికి వస్తాను. 1980ల్లో మా పొలాల్లో పత్తి పంట ఇంటింటి మాట. పురుగు పడితే పైరిత్రాయిడ్ మందులు కొట్టారు. కొట్టినకొద్దీ తెల్లదోమ పెరిగింది, ఎందుకంటే దాన్ని తినే మిత్రపురుగులు కూడా ఆ మందుకే చచ్చాయి. ఆకులు జిగటెక్కి, పైన నల్లటి మసి పట్టేది. 1987 ప్రాంతంలో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి రైతులు అప్పు తీర్చే దారి లేక అదే పురుగుమందు తాగి చనిపోయారు. ఢిల్లీ పత్రికలకు పత్తి రైతు ఆత్మహత్య పెద్ద వార్త అయింది 1997-98లో, వరంగల్ తర్వాత. అంతకు పదేళ్ల ముందే పర్చూరు, చిలకలూరిపేట దారుల్లో బస్సు దిగి, శవం లేచిన ఇంటి అరుగు మీద కూర్చుని వివరాలు రాసుకున్నవాళ్లం మేము. అందుకే దేశం మాట్లాడని సంగతి దేశంలో జరగలేదని నేను ఎప్పుడూ అనుకోను.

మా కంట్రిబ్యూటర్లకు జీతం లేదు, లైన్ ఎకౌంట్ ఉండేది. అచ్చయిన వార్త పొడవు కొలిచి డబ్బు ఇచ్చేవారు. ఆ డబ్బు బస్సు చార్జీలకు కూడా రాదు. అసలు ఆదాయం ప్రకటనల మీద వచ్చే కమీషన్. జనవరి 26, ఆగస్టు 15, పత్రిక వార్షికోత్సవం వస్తే ఇంత ప్రకటన తేవాలని లెక్క చెప్పేవారు. మా దగ్గర ప్రకటన ఇచ్చేదెవరు? పురుగుమందుల డీలరు, విత్తనాల డీలరు, జిన్నింగు మిల్లు, మండలంలో ఎదగాలనుకునే నాయకుడు. చనిపోయిన రైతు ఇంట్లో నేను చూసిన డబ్బా మీద ఏ మందు పేరుందో రాసి పంపాను. వార్త వచ్చింది, మందు పేరు రాలేదు. ఆ కుటుంబం ముందు పేపరు పట్టుకుని నిలబడడం నాకు ఇప్పటికీ బాధ. మిర్చి యార్డులో బస్తా తూచే కాటా కొనేవాడి ఇంట్లో తయారైతే, రైతు ఎంత పండించినా తూకం సరిగా రాదు. పత్రిక కూడా అంతే.

ఆ జబ్బు ముదిరి 2009 ఎన్నికల్లో అందరికీ కనబడింది. ప్యాకేజీ అన్న మాట అప్పుడు ఊరూరా వినపడింది. అభ్యర్థి ఇంత డబ్బు కడితే ఇన్ని రోజులు ఇన్ని వార్తలు, కట్టకపోతే ఆయన సభకు జనం వచ్చినా రానట్టే. దాన్ని బయటపెట్టినవాళ్లలో పత్రికలవాళ్లే ఉండడం నాకు గర్వం. ఆంధ్రప్రదేశ్ వర్కింగ్ జర్నలిస్టుల సంఘం పశ్చిమ గోదావరి జిల్లాలో ఆరా తీసింది. ప్రెస్ కౌన్సిల్ వేసిన ఇద్దరు సభ్యుల ఉపసంఘంలో పరంజయ్ గుహ ఠాకుర్తాతో పాటు మన కె. శ్రీనివాస్ రెడ్డి ఉన్నారు. పేర్లతో సహా 71 పేజీల నివేదిక రాశారు. 2010లో కౌన్సిల్ దాన్ని పక్కనపెట్టి పొట్టి నివేదిక విడుదల చేసింది. కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాక, 2011లో గానీ పూర్తి పాఠం బయటికి రాలేదు. ఇతరుల తప్పులను రోజూ అచ్చువేసే రంగం తన తప్పును దాచుకోవాలని చూసింది. ఆ ఇద్దరూ రాయకపోయి ఉంటే అది దాగిపోయేది కూడా.

గుంటూరు దగ్గర పొత్తూరులో పుట్టిన పొత్తూరి వెంకటేశ్వరరావు ఈ విషయంలో నాకు గురుతుల్యులు. ఆంధ్రజనతతో మొదలుపెట్టి ఈనాడు, ఉదయం, వార్త, ఆంధ్రప్రభల్లో బాధ్యతలు చూశారు. తర్వాత ప్రెస్ అకాడమీకి అధ్యక్షులయ్యారు. ‘నాటి పత్రికల మేటి విలువలు’ అని పుస్తకం రాశారు. లోపల పనిచేసినవాడే ఆ వృత్తిని తూచి చెప్పే అలవాటు మన దగ్గర అరుదు. ఆయన 2020లో పోయారు. ఆ పని ఆగకూడదు.

పనికొచ్చే ఒక ఆయుధం మన చేతిలో చాలాకాలం ఉండేది. జస్టిస్ రాజాధ్యక్ష అధ్యక్షతన 1952లో వేసిన మొదటి ప్రెస్ కమిషన్‌లో, హెరాల్డ్ కుర్చీలో రామారావు తర్వాత కూర్చున్న చలపతిరావు సభ్యుడు. ఆ కమిషన్ సిఫార్సుతో 1956లో పత్రికల రిజిస్ట్రారు కార్యాలయం వచ్చింది. ప్రతి పత్రికా ఏటా ఫిబ్రవరి ముగిశాక వచ్చే సంచికలో తన యజమాని ఎవరో, మూలధనంలో ఒక శాతం మించి వాటా ఎవరికుందో నాలుగో ఫారం కింద అచ్చువేయాలని నిబంధన పెట్టారు. కంటికి ఆనని చిన్న అక్షరాల్లో, చివరి పేజీల్లో వేసేవారు. నేను మార్చి నెలలో పేపరు తీసుకుంటే ముందు దాన్నే వెతికేవాణ్ణి. అది యజమాని పేరు చెప్పేది, ప్రకటనలిచ్చేవాడి పేరు చెప్పేది కాదు. ప్రభుత్వం ఇచ్చిన ప్రకటనల డబ్బెంత, కంపెనీలు ఇచ్చిందెంత, పార్టీలు ఇచ్చిందెంత, పాఠకుల చందా ఎంత అన్న నాలుగు అంకెలు కూడా ఏటా అచ్చువేయమని మనం అడగాలి. పత్రికకైనా, టీవీకైనా, ఫోనులో వార్తలు చెప్పే కుర్రాడి చానెల్‌కైనా ఇదే నియమం ఉండాలి.

అంకెలు అడిగే హక్కు డబ్బు కట్టినవాడికి ఎక్కువ ఉంటుంది. ప్రకాశం ఆస్తి అమ్మి నడిపిన పత్రిక పాఠకుల డబ్బు చాలక మూతపడింది. నమ్మిన పత్రికకు, ఎంత చిన్నదైనా, ఏడాది చందా ముందే కట్టే ఇల్లు ఊరికి పది ఉన్నా ఆ పత్రిక డీలరు ముందు తల వంచనక్కర్లేదు, మందు పేరు కొట్టెయ్యనక్కర్లేదు. చీరాలలో కోటంరాజు సోదరుల పేర గ్రంథాలయంలో ఒక గది పెట్టమని నేను అడుగుతూనే ఉన్నాను. ఆ గది తెరిచిన రోజు అక్కడికి వచ్చేవాళ్లు దండలు తేవక్కర్లేదు. తలా ఒక చందా రసీదు తెస్తే చాలు.