మూకీ చిత్రానికి ప్రత్యక్ష సంగీతం: ‘షిరాజ్’ ప్రదర్శన – నేపథ్య వివరాలు

వరంగల్: జర్మన్ దర్శకుడు ఫ్రాంజ్ ఆస్టెన్ రూపొందించిన ‘షిరాజ్’ మూకీ చిత్రం 2017 నవంబరులో హైదరాబాదులో ప్రత్యక్ష సంగీతంతో ప్రదర్శితమైంది. ప్రముఖ సితార్ కళాకారిణి అనౌష్కా శంకర్ తాను కూర్చిన సంగీతాన్ని సహవాద్యకారులతో కలసి తెర ఎదుటనే వినిపించారు. కోల్‌కతా, న్యూఢిల్లీ, ముంబయి నగరాలలోనూ అదే నెలలో ఈ ప్రదర్శన జరిగింది.

చిత్ర విశేషాలు

తాజ్‌మహల్ నిర్మాణం ఇతివృత్తంగా జర్మనీ, బ్రిటన్, భారత భాగస్వామ్యంతో 1928లో ఈ చిత్రం వెలువడింది. హిమాంశు రాయ్ నిర్మాతగా వ్యవహరిస్తూ షిరాజ్ పాత్రను పోషించారు. నిరంజన్ పాల్ కథను సమకూర్చారు. పాత్రధారులందరూ భారతీయులే, చిత్రీకరణ యావత్తూ భారతదేశంలోనే సాగింది. నెగెటివ్ భద్రంగా ఉన్నందున బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ దీనిని పునరుద్ధరించి 2017లో లండన్‌లో తొలుత ప్రదర్శించింది.

ప్రదర్శన విధానం

మూకీల కాలంలోనూ ప్రదర్శనశాల నిశ్శబ్దంగా ఉండేది కాదు. మన దేశంలో తెర ప్రక్కన హార్మోనియం, తబలా వంటి వాద్యాలు మ్రోగేవి. చదువురాని ప్రేక్షకుల కొరకు వ్యాఖ్యాత తెరపై కనిపించే అక్షరాలను చదివి, కథను వివరించేవాడు. 1931లో ‘ఆలం ఆరా’, 1932లో ‘భక్త ప్రహ్లాద’ విడుదలతో టాకీల యుగం ఆరంభమై, క్రమేణా ఈ వృత్తులు అంతరించాయి.

ఓరుగల్లు సంప్రదాయం

బొమ్మ చూపుతూ కథ వినిపించడం ఈ ప్రాంతానికి క్రొత్త కాదు. పూర్వపు వరంగల్ జిల్లాలో ఉండి, ప్రస్తుతం సిద్దిపేట జిల్లాలో ఉన్న చేర్యాల నకాషీ చిత్రపటాలు ఇందుకు నిదర్శనం. కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణాన్ని, డక్కలివారు మాదిగలకు జాంబపురాణాన్ని పటం విప్పుతూ పాటతో, వాద్యంతో వినిపిస్తారు.

మిగలని మన మూకీలు

తెలుగువారి తొలి మూకీ ‘భీష్మ ప్రతిజ్ఞ’ను రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాశ్ 1921లో మద్రాసులో నిర్మించారు. ధీరేంద్రనాథ్ గంగూలీ 1922లో హైదరాబాదులో లోటస్ ఫిల్మ్ కంపెనీని నెలకొల్పారు. ‘రజియా బేగం’ ప్రదర్శనపై 1924లో నిజాం ప్రభువు ఆగ్రహించడంతో ఆయన నగరం విడిచి వెళ్ళవలసివచ్చింది. ‘భీష్మ ప్రతిజ్ఞ’ ప్రతి నేడు లభ్యం కాదు. దేశంలో తయారైన 1,300కు పైగా మూకీలలో పూర్తిగానో, కొంత భాగంగానో మిగిలినవి 30 లోపే. నాటి ఫిల్మ్ తేలికగా మండే నైట్రేట్‌తో తయారైనది. వెండి కోసం కరిగించినవీ ఉన్నాయి. పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ ఏర్పడింది 1964లో మాత్రమే. సంగీతాన్ని క్రొత్తగా కూర్చుకొనవచ్చును; నశించిన చిత్రాన్ని తిరిగి తెచ్చుకొనజాలము.

నిర్వాహకులకు సూచన

జిల్లాలలో ఇటువంటి ప్రదర్శన తలపెట్టువారు పునరుద్ధరించిన ప్రతికి సంబంధిత ఆర్కైవ్ అనుమతిని, క్రొత్త సంగీతానికి స్వరకర్త అనుమతిని వేర్వేరుగా పొందవలసి ఉంటుంది. తెరపై అక్షరాలకు తెలుగు అనువాదం సిద్ధపరచుకోవాలి. మూకీలన్నీ ఒకే వేగంతో చిత్రీకరించినవి కావు. కనుక ప్రదర్శన వేగాన్ని ముందుగా నిర్ణయించి, వాద్యబృందంచే అదే వేగంతో సాధన చేయించుట అవసరం.