మడక, ఎనుము, బ్రౌన్ దొర నిఘంటువు

మా హోసూరు పక్క దున్నేదాన్ని మడక అంటాం, పాలిచ్చేదాన్ని ఎనుము అంటాం. కోస్తా చుట్టాలు నాగలి, గేదె అంటారు. మనది కలగాపులగం తెలుగని, ఈ మాటలు అరవం నుంచో కన్నడం నుంచో వచ్చి చేరాయని మన పిల్లలే అనుకుంటూంటారు. దీనికి జవాబు పాత పుస్తకాల్లో ఉంది. కాకపోతే ఆ పుస్తకాలు కంప్యూటర్లోకి ఏ రూపంలో ఎక్కాయన్నది చూడాలి.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో మద్రాసులో అచ్చయింది. అప్పటికి బళ్ళారి, సేలం, గంజాం అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. మా హోసూరు సేలం జిల్లాలో ఒక తాలూకా. బ్రౌన్ కడపలో, బందరులో, రాజమండ్రిలో కొలువు చేసినవాడు. మడకనీ ఎనుమునీ అచ్చ తెలుగు మాటలుగానే ఎత్తుకున్నాడు. నూరేళ్ళు దాటాక, 1962లో, ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ భద్రిరాజు కృష్ణమూర్తి గారి చేత వ్యవసాయ పదకోశం తెచ్చింది. చాలా గొప్ప పని అది. కానీ మాటలు ఏరింది ఆ రాష్ట్రం జిల్లాల్లోనే. హోసూరు, పర్లాకిమిడి, యానాం గట్టు అవతలే ఉండిపోయాయి. అందుకే నా మటుకు నాకు బ్రౌన్ దొరే దగ్గరివాడు.

ఆయన నిఘంటువును సవరించి 1903లో మళ్ళీ వేశారు. ఆ కూర్పునే షికాగో విశ్వవిద్యాలయం వాళ్ళు ఇంటర్నెట్‌లో పెట్టారు. పేజీల ఫొటోలు పెట్టి ఊరుకోలేదు, అక్షరాలుగా ఎక్కించారు. తేడా ఎక్కడొస్తుందంటే, అచ్చు పుస్తకంలో మాట తెలిస్తేనే అర్థం దొరుకుతుంది. ఇక్కడ అర్థం పట్టుకుని మాటల్ని వెతకొచ్చు. 'బఫెలో' అని ఇంగ్లీషులో కొడితే ఎనుము, గేదె, బర్రె అన్నీ బయటికొస్తాయి. ఏది ఎక్కువ, ఏది తక్కువ అన్న పేచీ అక్కడ లేదు.

ఇంకో సంగతి. తమిళనాడులో 2006 చట్టం తర్వాత బడిలో చేరిన మన పిల్లల్లో చాలామందికి తెలుగు మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు. వాళ్ళకి ఫొటో పేజీ బొమ్మతో సమానం. అక్షరాలుగా ఉన్న పాఠాన్నైతే తమిళ లిపిలోకో కన్నడ లిపిలోకో క్షణంలో మార్చుకోవచ్చు. తమిళ లిపిలో కొన్ని తెలుగు శబ్దాలు కలిసిపోతాయనుకోండి, అది వేరే తలనొప్పి. బ్రౌన్ మాత్రం 'చాలు'లో చకారం ఎలా పలకాలో ఇంగ్లీషు అక్షరాల్లో పక్కనే రాశాడు.

ఇప్పుడు ప్రచురణకర్తలు చాలామంది పాత పుస్తకాల్ని స్కాన్ చేసి ఈ-బుక్కులని అమ్ముతున్నారు. అసలు దొరకనిదానికంటే నయమే. అయితే అక్షరాలుగా కూడా ఇమ్మని మనం అడగాలి. టైపు చేసేటప్పుడు మాండలిక మాటల్ని 'దిద్దకుండా' అచ్చులో ఉన్నదున్నట్టే ఉంచమనీ అడగాలి. మడకని నాగలిగా మారిస్తే వెతికినా దొరకదు కదా.

బళ్ళారి వాళ్ళూ, బరంపురం వాళ్ళూ, షోలాపురం వాళ్ళూ ఒకసారి 'ప్లౌ' అని కొట్టి చూడండి. వచ్చినవాటిలో మీ ఇంట్లో ఏ మాట వాడతారో, అసలు అందులో లేని మాట ఏదైనా ఉందో రాయండి.