అప్పులిచ్చే సంస్థలు, వాటి సంఘాలు

భారతదేశంలో పేదలకు చిన్న అప్పులిచ్చే సంస్థలు జాతీయ స్థాయిలో ఒక సంఘం పెట్టుకున్నది 1999లో. దాని పేరు సా-ధన్. అప్పటికి అహ్మదాబాదులో సేవా బ్యాంకు మొదలై పాతికేళ్లు. పొదుపు సంఘాలను బ్యాంకులతో కలిపే పని నాబార్డు చేపట్టి ఏడేళ్లు. సా-ధన్‌లో చేరినవాటిలో ఎక్కువ స్వచ్ఛంద సంస్థలు, ట్రస్టులు, సహకార సంఘాలు. తాము వడ్డీ వ్యాపారులం కామని ప్రభుత్వం గుర్తించాలి, బ్యాంకులు తమకు అప్పివ్వాలి: వాళ్లకు కావలసింది ఇదే. అంటే ఆ సంఘం ఢిల్లీలో తమ మాట వినిపించడానికి పుట్టింది, సభ్యుల మీద నిఘా పెట్టడానికి కాదు. తర్వాతి పాతికేళ్ల చరిత్రను ఆ పుట్టుక చాలావరకు నిర్ణయించింది. సభ్యుడు చెప్పింది నిజమో కాదో సరిచూసే సమాచారం, మాట తప్పినవాణ్ణి నిలదీసే అధికారం లేని సంఘం ఎంత మంచి నియమావళి రాసుకున్నా అది కాగితం దాటదు. ఆ రెండూ మన సంఘాలకు సంక్షోభాల తర్వాతే దక్కాయి. ఆ సంక్షోభాల్లో పెద్దది తెలుగు నేల మీదే వచ్చింది.

మొదటి హెచ్చరిక 2006లో కృష్ణా జిల్లాలో వినిపించింది. అధిక వడ్డీలు, వసూళ్లలో వేధింపులు అంటూ జిల్లా యంత్రాంగం రెండు పెద్ద సంస్థలకు చెందిన సుమారు 50 శాఖలను మూయించింది. సా-ధన్ వెంటనే స్వచ్ఛంద ప్రవర్తనా నియమావళి తెచ్చింది. వడ్డీ లెక్క దాచకూడదు, వసూలులో దౌర్జన్యం కూడదు అని అందులో ఉంది. కానీ అప్పటికే రంగం స్వభావం మారిపోతోంది. ట్రస్టులు కంపెనీలయ్యాయి, పెట్టుబడి నిధులు వచ్చాయి, శాఖల సంఖ్యే విజయానికి కొలమానమైంది. పెద్ద కంపెనీలు 2009లో ఎంఫిన్ పేరుతో వేరే సంఘం పెట్టుకున్నాయి. ఒక్కరికి మూడు సంస్థలకు మించి అప్పివ్వరాదు, మొత్తం 50,000 రూపాయలు దాటరాదు అని అది తీర్మానించింది. పొరుగు సంస్థ ఎవరికి ఎంత ఇచ్చిందో తెలిసే దారి మాత్రం ఏ సభ్యుడికీ లేదు. ఒకే ఊళ్లో ఒకే మహిళ నాలుగు గ్రూపుల్లో పూచీ నిలబడి, ఒక వాయిదా కట్టడానికి ఇంకో అప్పు తీసుకుంటుంటే ఆ తీర్మానం ఆమెను ఎలా కాపాడుతుంది? 2010 ఆగస్టులో ఎస్‌కెఎస్ అనే చిన్న అప్పుల సంస్థ షేర్ల విక్రయంలో 1,600 కోట్లకు పైగా వచ్చాయి. రెండు నెలలు తిరిగేసరికే, రుణగ్రస్తుల ఆత్మహత్యల వార్తల మధ్య, అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు జారీ చేసింది.

ఆ ఆర్డినెన్సు, దాని వెంట వచ్చిన చట్టం వారం వసూళ్లను ఆపించాయి. ప్రతి సంస్థా జిల్లాలో నమోదు కావాలన్నాయి, వడ్డీ అసలును మించరాదన్నాయి. రాష్ట్రంలో వసూళ్లు పదో వంతుకన్నా కిందికి పడిపోయాయి. రిజర్వు బ్యాంకు నియమించిన మాలెగాం కమిటీ 2011 జనవరిలో నివేదిక ఇచ్చింది, ఏడాది చివర ఈ కంపెనీలకు ప్రత్యేక వర్గం ఏర్పడింది. నా దృష్టిలో అంతకన్నా ముఖ్యమైన మార్పు, ఎవరికి ఎంత అప్పుందో నమోదు చేసే రుణ చరిత్ర సంస్థలది. ఖాతాదారుల జాబితా ఏ కంపెనీకైనా వ్యాపార రహస్యం. పోటీదారుకు ఎవరూ చూపరు. అందరూ ఒకేసారి ఇస్తేనే ఎవరికీ నష్టం లేదని ఒప్పించి, సభ్యుల వివరాలను ఒక చోటికి చేర్చడం సంఘం మాత్రమే చేయగల పని. ఎంఫిన్ అందుకు చొరవ తీసుకుంది, రిజర్వు బ్యాంకు దాన్ని తప్పనిసరి చేసింది. చివరికి 2014లో ఎంఫిన్‌ను, మరుసటి ఏడాది సా-ధన్‌ను స్వయం నియంత్రణ సంస్థలుగా గుర్తించింది. నియమావళి వెనుక అధికారం నిలబడింది అప్పుడే.

సభ్యుల చందాతో నడిచే సంఘం సభ్యులనే ఎలా శిక్షిస్తుందని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. 2022లో రిజర్వు బ్యాంకు వడ్డీ పరిమితి ఎత్తేసింది. ఆ తర్వాత అప్పులు మళ్లీ ఉబ్బాయి, బకాయిలు పేరుకున్నాయి. ఒక్కరికి ఇందరు రుణదాతలే ఉండాలి, మొత్తం రెండు లక్షలు దాటరాదు అని ఎంఫిన్ హద్దులు గీసింది 2024లో. ముందే గీయవలసిన గీత అది. అయినా 2010కీ ఇప్పటికీ తేడా ఉంది. ఇప్పుడు గీత దాటినవాడు లెక్కల్లో కనపడతాడు. రాష్ట్ర చట్టమే చాలదా అన్నది రెండో అభ్యంతరం. 2010 చట్టం వేధింపులను ఆపిందన్నది కాదనలేం. దాంతోపాటు కొత్త అప్పునూ ఆపింది. అవసరం ఆగదు కనుక చాలామంది మళ్లీ ఊరి వడ్డీ వ్యాపారి గడప తొక్కారు. పైగా పావలా వడ్డీ పథకంతో డ్వాక్రా సంఘాలకు అప్పులిప్పించిన ప్రభుత్వం ఈ రంగంలో తటస్థ తీర్పరి కాదు, తానూ ఒక పక్షం. రిజర్వు బ్యాంకు వద్ద నమోదైన కంపెనీలకు ఈ చట్టం వర్తించదని తెలంగాణ హైకోర్టు 2023లో తేల్చింది. 2025లో కర్ణాటక తెచ్చిన చట్టం అలాంటి కంపెనీలను ముందే మినహాయించింది. కాబట్టి ఆ కంపెనీలను రోజువారీగా గమనించే బాధ్యత రిజర్వు బ్యాంకుతోపాటు ఈ సంఘాలదే.

సంఘం ఉండాలా వద్దా అన్న వాదన ఇక అనవసరం. అది ఎవరికి జవాబుదారీ అన్నదే తేలాలి. స్వయం నియంత్రణ సంస్థ పాలకమండలిలో మూడో వంతు మంది సభ్య సంస్థలతో సంబంధం లేనివారై ఉండాలని రిజర్వు బ్యాంకు నిబంధన. ఆ మూడో వంతులో కొన్ని స్థానాలు అప్పు తీసుకునే మహిళల సమాఖ్యల ప్రతినిధులకు కేటాయించాలి. పాతికేళ్లుగా ఈ సంఘాల్లో అప్పిచ్చేవాడి గొంతే వినపడుతోంది, అప్పు కట్టేవాళ్ల గొంతు కలెక్టరేట్ల ముందు ధర్నాల్లోనే వినపడింది. రిజర్వు బ్యాంకు ఈ మార్పు ఇప్పుడే చేయాలి. ఇంకో ఆర్డినెన్సు వచ్చేదాకా ఆగడం తప్పు.