మునిగే కాయ, తరిగే గీత

కోసిన మామిడి ముదురో లేతో తేలకపోతే నీళ్ల తొట్టిలో వేసి చూస్తారు. ముదురు కాయ మునుగుతుంది, లేతది తేలుతుంది. నూజివీడు తోటల మధ్య పెరిగినవాళ్లకు దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. లారీ బ్యాటరీని చూసే హైడ్రోమీటరుదీ ఇదే కిటుకు. గాజు గొట్టంలోకి యాసిడ్ పీల్చి, లోపలి బుడ్డి ఎంత తేలిందో చూస్తారు. చార్జింగ్ నిండుగా ఉంటే సాంద్రత 1.28 దగ్గర నిలుస్తుంది.

లిథియం బ్యాటరీ దగ్గర ఆ కిటుకు సాగలేదు. సెల్లులన్నీ సీలు వేసి ఉంటాయి. బ్యాటరీని కుండ అనుకుంటే, వోల్టేజీని బట్టి అది ఎంత నిండిందో అంచనా వేయొచ్చు, కుండే చిన్నదైపోతే మాత్రం అది చెప్పదు.

2010 డిసెంబరులో అమెరికాలో నిస్సాన్ లీఫ్ ఎలక్ట్రిక్ కారు రోడ్డెక్కింది. బ్యాటరీ నిల్వ సామర్థ్యాన్ని చూపే 12 గీతలు డాష్‌బోర్డు మీద ఉండేవి. మన రోహిణి కార్తెను తలపించే ఎండల ఊరు ఫీనిక్స్‌లో, 2012 వేసవికి ఆ గీతలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. తొలి గీత పోయిందంటే దాదాపు 15 శాతం సామర్థ్యం పోయినట్టే. బ్యాటరీ తరిగిందా, మీటరే తప్పుతోందా?

గోడ ప్లగ్గు దగ్గర కరెంటు కొలిస్తే చార్జింగ్‌లో వేడిగా పోయేదీ అందులో కలిసిపోయేది. స్టీరింగు కింద మెకానిక్కులు తీగ తగిలించే సాకెట్టులో అంకెలు ప్రవహిస్తాయి గాని, వాటి అర్థం ఎవరూ రాసివ్వలేదు. కొందరు యజమానులు ఓపిగ్గా కారు నడుపుతూ, రాసుకుంటూ, పోల్చుకుంటూ కూర్చున్నారు. కారు నడిస్తే తగ్గి, చార్జింగ్ పెడితే పెరిగే అంకె ఒకటి దొరికింది. కొత్త కారులో నిండా చార్జింగ్ ఉంటే అది 281. కనిపెట్టినవాడి పేరు మీదుగా దాన్ని ‘గిడ్’ అన్నారు. ఆ మారుపేరులో ఎంత ఆప్యాయత ఉందో!

అంకెను నమ్మాలంటే రోడ్డే సాక్ష్యం చెప్పాలి. 2012 సెప్టెంబరులో 12 లీఫ్‌లను ఫీనిక్స్‌లో ఒకే వేగంతో, చార్జింగ్ అడుగంటేదాకా నడిపారు. కొత్త బ్యాటరీ అయితే 84 మైళ్లు, అంటే దాదాపు 135 కిలోమీటర్లు రావాలి. ఒక్క కారూ అంత దూరం వెళ్లలేదు. మీటరులో లోపం ఎంతున్నా, బ్యాటరీలు తరిగిన మాట నిజం. లీఫ్ బ్యాటరీ ప్యాకును చల్లబరచడానికి ఫ్యాను గాని, నీటి గొట్టాలు గాని లేవు.

ఆ ఏడాది చివర్లోనే, 5 ఏళ్లు లేదా 60,000 మైళ్ల లోపు గీతలు 9 కన్నా తగ్గితే బాగుచేసిస్తామని కంపెనీ వారంటీ ప్రకటించింది. స్టీరింగు కింది ఆ సాకెట్టుకు ఇవాళ అగ్గిపెట్టెంత పరికరం తగిలిస్తే చాలు, ఎన్నో కార్లలో బ్యాటరీ ఆరోగ్యం శాతాల్లో ఫోనులో కనబడుతుంది. నూజివీడులో ఎవరైనా పాత ఎలక్ట్రిక్ కారు కొనబోతే ముందు ఆ శాతం అడగాలి. తర్వాత నిండా చార్జింగ్ పెట్టించి, ఏలూరు దాకా నడిపి చూడాలి.