సున్నా జోన్ కథ: నర్సీపట్నం నుంచి చూస్తే

మీరు నర్సీపట్నం ప్రాంతం వారైతే 2014 అక్టోబర్ 12 మీకు గుర్తుండే ఉంటుంది. హుద్‌హుద్ తుపాను విశాఖ తీరాన్ని తాకిన రోజు అది. అదే ఏడాది మే 21 రాత్రి బంగాళాఖాతం అడుగున 6.0 తీవ్రతతో భూకంపం వచ్చింది. విశాఖపట్నంలోనూ ప్రకంపనలు తెలిశాయి. ఇది ఎంతమందికి గుర్తుంది? తుపాను వెళ్లిపోయినా కూలిన తోటలు, ఎగిరిపోయిన రేకులు, నష్టపరిహారం జాబితాలు మిగులుతాయి. నష్టం చేయని ప్రకంపన ఏ దస్త్రంలోకీ ఎక్కదు. చరిత్ర విద్యార్థులుగా ఈ పాఠంలో మీరు పరిశీలించవలసిన చిక్కు ఇదే.

భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు తొలి అధిపతిగా పనిచేసిన థామస్ ఓల్డ్‌హామ్, 1869 వరకు మన దేశంలో వచ్చిన భూకంపాల పట్టికను తయారుచేశాడు. ఆయన మరణానంతరం కుమారుడు రిచర్డ్ ఓల్డ్‌హామ్ దాన్ని 1883లో అచ్చు వేయించాడు. ఎంతో విలువైన పని. అయితే ఇలాంటి పట్టికకు ఆధారం ఏమిటో ఆలోచించండి. ఎవరో ఒకరు రాసి ఉండాలి. పత్రికలు, కచేరీలు, దండు ఉన్న ఊళ్లలో రాసేవాళ్లుంటారు. నర్సీపట్నం వెనుక ఉన్న చింతపల్లి మన్యంలో నేల కదిలితే ఎవరు రాస్తారు? కాబట్టి పట్టికలో ఖాళీ కనిపిస్తే, అక్కడ భూకంపం రాలేదని వెంటనే నిర్ణయించకండి.

ఈ ఖాళీలే తరువాత పటాలకెక్కాయి. 1962లో భారతీయ ప్రమాణాల సంస్థ వెలువరించిన భూకంప పటంలో 0 నుంచి 6 వరకు జోన్లు ఉండేవి. దక్కన్ పీఠభూమిలో చాలా భాగం సున్నా. 1967 డిసెంబర్ 11 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కోయినా ఆనకట్ట వద్ద 6కు మించిన తీవ్రతతో భూమి కంపించింది. జలాశయంలో నిలిచిన నీరు దాన్ని ప్రేరేపించిందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. 1970 సవరణలో సున్నా జోన్‌ను తీసేశారు. భూకంపం రానే రాదనే చోటు ఏదీ లేదని ఒప్పుకున్నట్టే గదా!

అయినా జోన్ 1 మిగిలింది. కిల్లారి అందులోనే ఉంది. 1993 సెప్టెంబర్ 30 తెల్లవారకముందే, వినాయక నిమజ్జనం ముగించుకుని జనం నిద్రలో ఉండగా, లాతూర్ జిల్లాలోని ఆ ఊరు, చుట్టుపక్కల గ్రామాలు నేలమట్టమయ్యాయి. వేల మంది చనిపోయారు. తీవ్రత 6.2 మాత్రమే. మట్టితో పేర్చిన లావుపాటి రాతిగోడలు, వాటిపై బరువైన మట్టి కప్పు: అంతమందిని చంపినవి అవే. 2002లో జోన్ 1ను కూడా రద్దు చేసి జోన్ 2లో కలిపేశారు. విశాఖపట్నం, నర్సీపట్నం ఈ జోన్ 2లోకే వచ్చాయి. నా దృష్టిలో ఈ పటం విజ్ఞానశాస్త్ర పత్రమే గాక చరిత్ర పత్రం కూడా. దాని ప్రతి సవరణ వెనుకా కూలిన ఊళ్లున్నాయి.

మన పక్కనే ఉన్న గోదావరి లోయ సంగతి చూడండి. బొగ్గు పొరలున్న ఈ పురాతన పగులు లోయలో 1969 ఏప్రిల్ 13న భద్రాచలం వద్ద 5.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఆ స్థాయి కదలిక మళ్లీ రావడానికి 55 ఏళ్లు పట్టింది. 2024 డిసెంబర్ 4 ఉదయం ములుగు ప్రాంతంలో 5.3 నమోదైంది. భారత ఫలకం ఏటా సుమారు 5 సెంటీమీటర్లు ఉత్తరానికి జరుగుతూ ఆసియాను నెడుతోంది. ఆ ఒత్తిడి ద్వీపకల్పంలోని పాత పగుళ్లలో చాలా నెమ్మదిగా పోగవుతుంది. రెండు కదలికల మధ్య విరామం మనిషి జ్ఞాపకం కన్నా పొడవు.

ఇక ఇళ్ల విషయం. ఉత్తరాంధ్ర చుట్టిల్లు మట్టిగోడ, తాటాకు కప్పుతో ఉండేది. తేలికైన ఆ కప్పు పడినా ప్రాణం మిగిలే అవకాశం ఉంది. ఇప్పుడు కింద దుకాణాలకు ఖాళీగా వదిలి, స్తంభాల మీద రెండు మూడు శ్లాబులు వేస్తున్నారు. 2002 నాటి నియమావళి జోన్ 5కు 0.36 గుణకం వాడమంటే, జోన్ 2కు 0.10 వాడమంది. తక్కువే, కానీ సున్నా కాదు. మేస్త్రీకి ఈ అంకె ఎవరైనా చెప్పారా అన్నది వేరే ప్రశ్న!

అభ్యాసం: మీ ఊళ్లో డెబ్బై దాటిన ఇద్దరిని కలవండి. ఎప్పుడైనా నేల కదిలిందా, గిన్నెలు దొర్లాయా అని అడగండి. సంవత్సరం చెప్పలేకపోతే, ఎవరి పెళ్లికి ముందో, ఏ తుపానుకు తరువాతో అడగండి. వారి మాటలను ఉన్నవి ఉన్నట్టుగా రాసి, మీరు ఊహించిన తేదీని కింద వేరుగా రాయండి.