ఉప్పల్, నాచారం ప్రాంతములో ఎండకు తగిన ఇండ్లు

హైదరాబాదుకు తూర్పున ఉన్న ఉప్పల్, నాచారం ఒకప్పుడు పల్లెలు. 1961లో స్థాపించబడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉప్పల్ రోడ్డున వెలసినది. నాచారములో పారిశ్రామికవాడ పెరిగినది. 2007లో ఉప్పల్ పురపాలక సంఘము మహానగరములో కలిసినది. ఇవి మనకు తెలిసిన సంగతులే. ఈ కాలములోనే మన ఇండ్ల పైకప్పులు కూడ మారి, వేసవి ఇంటిలోనికి ప్రవేశించిన సంగతిని మనము అంతగా తలచలేదు.

దక్కను పీఠభూమిలో వేసవి ఎండ మెండు, గాలిలో తేమ తక్కువ. అందుకు తగినట్లే పూర్వులు మట్టితోను రాతితోను మందపు గోడలు లేపి, పెంకులు కప్పి, ముందు వసారా దించి, సున్నము వేసుకొనేవారు. పగటి వేడి మందపు గోడను దాటి లోనికి చేరుసరికి ప్రొద్దు గూకి బయటి గాలి చల్లబడేది. తెల్లని సున్నము ఎండను త్రిప్పికొట్టేది. వట్టివేళ్ళ తడకలపై నీళ్ళు చల్లితే పొడిగాలి చల్లనై లోనికి వచ్చేది.

తరువాత కాంక్రీటు స్లాబులు, సిమెంటు రేకులు వచ్చినవి. ఒకే అంతస్తు గల ఇంటిలో వేడి ఎక్కువగా పైకప్పు నుండియే దిగును. స్లాబు పగలంతా కాగి రాత్రి ఆ వేడిని లోనికి వదలును. పలుచని రేకుకు ఆ మాత్రపు ఆలస్యము కూడ లేదు. కలవారు ఏ.సి.లు పెట్టుకొన్నారు. రేకుల క్రింది కూలి కుటుంబమునకు ఫ్యాను త్రిప్పినా వేడిగాలే మిగిలినది.

మనకు తూర్పుననే ఉన్న పోచారములో, 2011 ప్రాంతమున, ఇన్ఫోసిస్ సంస్థ ఒక భవనమును రెండు సగములు చేసి పరీక్షించినది. ఒక సగమునకు మామూలు ఏ.సి. గాలి, రెండవ సగమునకు స్లాబులో పొదిగిన గొట్టములలో పారే చల్లని నీరు. రెండవ సగము చల్లదనమునకు సుమారు మూడవ వంతు తక్కువ విద్యుత్తు వాడినది. అయితే రెండింటికిని గోడలలో వేడిని ఆపు పొర, కిటికీలకు నీడ ముందుగానే ఏర్పరచిరి. వేడిని లోనికి రానీయకుండుటయే మొదటి పని. మన తాతలు ఎరిగినదీ అదియే.

2023లో తెలంగాణ ప్రభుత్వము చల్లని పైకప్పుల విధానమును ప్రకటించినది. ప్రభుత్వ, వాణిజ్య భవనములకును, 600 చదరపు గజములు మొదలుకొని పెద్ద స్థలములలోని ఇండ్లకును అది తప్పనిసరి. చిన్న ఇండ్లవారికి మాత్రము వారి ఇష్టము. కాని ఎండ ముందుగా బాధించేది వారినే. కాబట్టి ఇల్లు కట్టదలచిన మనము పడమటి గోడకు నీడ, పైకప్పుకు తెలుపు మొదటనే తలపెట్టుకొందము. రేకుల ఇండ్లలోని వృద్ధులకు మాఘ, ఫాల్గుణ మాసములలోనే తెల్లపూత వేయించి పెట్టుదము. రేకులపై నేరుగా కాలు మోపరాదు, విరుగును. పలకలు పరచి పని చేయవలెను.